బొమ్మలో ‘అట’ ఉండదు: న్యూస్‌రూములో విజువల్ రిపోర్టర్ చేసే పని

2023 జూన్ 2, శుక్రవారం సాయంత్రం ఏడు కావస్తుండగా ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్ దగ్గర ఘోర ప్రమాదం జరిగింది. షాలిమార్ నుంచి విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, బెంగళూరు నుంచి హావ్‌డా వెళ్తున్న సూపర్‌ఫాస్ట్, ఇనుప ఖనిజంతో ఆగి ఉన్న ఒక గూడ్సు అందులో చిక్కుకున్నాయి. దాదాపు 300 మంది చనిపోయారు. తొలి గంటల్లో వచ్చిన వార్తలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ముందు పట్టాలు తప్పినది ఏ రైలు, ఏది దేన్ని ఢీకొట్టింది అన్న దగ్గరే గందరగోళం.

అలాంటి రాత్రి వార్త రాసేవారికి తెలుగు భాష ఒక వెసులుబాటు ఇస్తుంది. ‘ఢీకొన్నట్లు తెలుస్తోంది’, ‘పట్టాలు తప్పినట్లు సమాచారం’ అని రాసి తర్వాతి వాక్యానికి పోవచ్చు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడైతే ‘అట’ అన్న రెండక్షరాలు చాలు, చెప్పిన మాటకు మన పూచీ తప్పిపోతుంది. పక్క కుర్చీలో కూర్చుని అదే ప్రమాదాన్ని బొమ్మగా వేయాల్సిన వ్యక్తికి ఆ సౌకర్యం లేదు. స్టేషన్లో లైన్లు ఎన్ని? గూడ్సు ఏ లైనులో ఉంది? బోగీలు ఎటు ఒరిగాయి? గీత గీస్తే అది ఎడమన ఉండాలి, లేదా కుడిన ఉండాలి. ‘ఉన్నట్లు వినికిడి’ అన్న చోట గీత గీయలేం.

కాబట్టి ఆ వ్యక్తి ఫోను తీస్తాడు. ఉపగ్రహ చిత్రంలో స్టేషన్ లైన్లు లెక్కపెడతాడు. రైల్వే విశ్రాంత ఉద్యోగి ఎవరికైనా ఫోను చేసి రైళ్లను పక్కన ఆపే లూప్ లైను ఎలా ఉంటుందో, రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు ఎలా తిరుగుతాయో అడుగుతాడు. తర్వాతి రోజుల్లో తేలిన విషయాన్ని నాలుగు గీతలు, మూడు రంగులతో చెప్పేయవచ్చు. కోరమాండల్‌కు ప్రధాన లైనులో పచ్చ సిగ్నల్ ఉంది, పాయింట్లు మాత్రం లూప్ లైను వైపు ఉన్నాయి. గంటకు సుమారు 128 కిలోమీటర్ల వేగంతో అది పక్కకు తిరిగి ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. దాని బోగీలు కొన్ని ఎదురు లైను మీద పడ్డాయి. అదే సమయంలో ఆ లైనులో 126 కిలోమీటర్ల వేగంతో దాటుతున్న బెంగళూరు రైలు చివరి బోగీలు వాటికి తగిలాయి. ఇదంతా మాటల్లో చదివితే రెండుసార్లు వెనక్కి వెళ్లాలి. బొమ్మలో ఒక్క చూపు చాలు.

ఈమధ్య ఉద్యోగ ప్రకటనల్లో తరచుగా కనిపిస్తున్న ‘విజువల్ స్టోరీటెల్లింగ్ రిపోర్టర్’ అన్న పేరు, స్థూలంగా, ఆ ఫోను తీసిన వ్యక్తిది.

రిపోర్టరా, ఆర్టిస్టా, వీడియో ఎడిటరా?

ప్రకటనలు చదివితే అయోమయం కలగడం సహజమే. ఒకదానిలో కెమెరా, ఎడిటింగ్ వచ్చి ఉండాలంటారు. ఇంకొకదానిలో పటాలు గీయడం, కోడింగ్ అంటారు. మూడోదానిలో రెండూ అడిగి, చివర్లో ‘మంచి రచనా నైపుణ్యం’ కూడా చేర్చి, జీతం దగ్గర మౌనం పాటిస్తారు.

పాత పద్ధతితో పోల్చితే తేడా తెలుస్తుంది. పత్రికల్లో బొమ్మలు వేసే ఆర్టిస్టులు ఎప్పటినుంచో ఉన్నారు. రాత్రి రిపోర్టరు రాసిన కాపీ వచ్చాక ‘దీనికో గ్రాఫిక్ వేయండి’ అని డెస్కు అడుగుతుంది, వారు వేసిస్తారు. సమాచారం రిపోర్టరుది, గీత ఆర్టిస్టుది. విజువల్ రిపోర్టర్ విషయంలో ఈ రెండూ ఒకరి చేతిలోనే ఉంటాయి. ఏ సమాచారం సేకరించాలన్నది బొమ్మ అవసరాన్ని బట్టి తేలుతుంది. కథనం మీద పడే పేరు, అంటే బైలైన్ కూడా ఆ వ్యక్తిదే.

వేసే బొమ్మ ఏదైనా కావచ్చు. అంకెల చార్టు, పటం, ఒక యంత్రమో సంఘటనో ఎలా పనిచేసిందో చూపే రేఖాచిత్రం, వేలితో కిందికి జరుపుతుంటే విప్పుకుంటూ వచ్చే కథనం, లేదా ఎవరో తీసిన వీడియోను సాక్ష్యంగా పరిశోధించడం. అన్నీ చేయగలవారు చాలా అరుదు.

ముందు గడప గడప తిరిగాడు, తర్వాతే పటం గీశాడు

ఈ పనికి మూలపురుషుడిగా తరచుగా వినిపించే పేరు పాత్రికేయుడిది కాదు, లండన్ వైద్యుడు జాన్ స్నో. 1854లో సోహో ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు, చనిపోయినవారి ఇళ్ల దగ్గర నల్లని గీతలు పెట్టి ఆయన ఒక పటం గీశారు. గీతలన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతి పంపు చుట్టూ మూగాయి. పటం చూసి పంపు పిడి ఊడదీయించారని కథ చెబుతుంటారు. కథ బాగుంది గానీ వరుస తప్పు. పిడి తీసింది సెప్టెంబరు 8న. పటాన్ని ఆయన బయటపెట్టింది డిసెంబరులో.

ఆ మధ్యలోను, అంతకుముందూ ఆయన చేసింది అచ్చంగా రిపోర్టరు పని. పంపుకు దగ్గర్లోనే ఉన్న పేదల ఆశ్రమంలో 535 మంది ఉంటే ఐదుగురే ఎందుకు చనిపోయారని ఆరా తీశారు. వారికి సొంత బావి ఉందని తెలిసింది. అదే వీధిలోని బీరు తయారీ కేంద్రంలో 70 మందికి పైగా పనివారిలో ఒక్కరూ ఎందుకు చనిపోలేదని అడిగారు. వారు బీరే తాగుతారు, ఆ పంపు జోలికి పోరు. దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు కలరాతో చనిపోతే దాని గురించీ ఆరా తీశారు. ఆ పంపు నీటి రుచి ఇష్టమై ఆమె ప్రత్యేకంగా తెప్పించుకునేదట. కలరా నీటి ద్వారా వస్తుందన్న ఆయన వాదాన్ని పటంలో పొసగని చోట్లే నిలబెట్టాయి. గీతల గుంపు ఒక్కటే అయితే ‘అక్కడ గాలి చెడ్డది’ అనేవారికి కూడా అదే పటం పనికొచ్చేది.

39 శాతం ఓట్లు, రెండు పటాలు

ఎన్నికల ఫలితాల పటం అందరికీ తెలిసినదే కాబట్టి దాన్నే విప్పి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 గెలిచింది, తెలుగుదేశానికి 23, జనసేనకు 1. గెలిచిన పార్టీ రంగు నింపితే రాష్ట్రమంతా ఒకే రంగు, అక్కడక్కడా మరకలు. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164 వచ్చాయి, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. మళ్లీ ఒకే రంగు, ఈసారి వేరేది.

ఇప్పుడు ఓట్లు చూడండి. 2019లో ఓడిన తెలుగుదేశానికి పడినవి 39 శాతం పైచిలుకు. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు పడినవి కూడా 39 శాతం పైచిలుకే. ప్రతి ఐదుగురు ఓటర్లలో ఇద్దరు. పటంలో ఆ ఇద్దరూ కనిపించరు. పటం అబద్ధం చెప్పిందా అంటే లేదు. ‘ఎవరు ఎక్కడ గెలిచారు’ అన్న ప్రశ్నకు సరిగ్గానే జవాబిచ్చింది. చూసేవారు మాత్రం దాన్ని ‘జనం ఎటు ఉన్నారు’ అన్న ప్రశ్నకు జవాబుగా తీసుకుంటారు.

విస్తీర్ణం ఇంకో చిక్కు తెస్తుంది. 2011 జనగణన నాటి సరిహద్దుల ప్రకారం ఆదిలాబాద్ జిల్లా 16 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే, జనాభా సుమారు 27 లక్షలు. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, జనాభా 39 లక్షలకు పైగా. పటంలో ఆదిలాబాద్ 70 రెట్లకు మించిన రంగు పులుముకుంటుంది, మనుషులు మాత్రం అక్కడే తక్కువ. దీనికి విరుగుడుగా కొందరు ప్రతి నియోజకవర్గాన్నీ ఒకే కొలత గల గడిగా వేస్తారు. ఇంకొందరు జనాభాను బట్టి వృత్తాలు వేస్తారు. గడులు న్యాయంగా ఉంటాయి, కానీ పాఠకుడు తన ఊరు ఎక్కడుందో వెతుక్కోలేక విసుక్కుంటాడు. గుర్తుపట్టగల పటం ముఖ్యమా, సమానమైన పటం ముఖ్యమా అన్న వాదన గ్రాఫిక్స్ డెస్కుల్లో ఇప్పటికీ తెగలేదు. నా మటుకు నేను రెండూ పక్కపక్కన పెట్టడమే మేలంటాను. స్థలం లేదని పేజీ డిజైనర్ అంటారు, అదీ నిజమే.

జిల్లా పేరు అదే, జిల్లా వేరు

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసేవారికి ఇంకో తలనొప్పి ఉంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 జనగణన అంకెలేమో పాత జిల్లాలవి.

‘పదేళ్లలో వరంగల్ జిల్లా అక్షరాస్యత’ అని చార్టు వేయమన్నారనుకోండి. 2011 నాటి వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడిపోయాయి. మిగిలిన భాగం రెండుగా చీలి, 2021లో పేర్లు కూడా మారి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. పేరు చూసి అంకెలను పక్కపక్కన పెడితే వేర్వేరు నేలలను పోల్చినట్లే. పోనీ కొత్త జిల్లాలను కలిపేస్తే పాతది వస్తుందా అంటే అదీ రాదు. సిద్దిపేట జిల్లాలోకి పాత మెదక్ నుంచే కాక కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి కూడా మండలాలు వచ్చి చేరాయి. చివరికి మండలాల వారీగా పాత అంకెలు తెచ్చి, కొత్త సరిహద్దుల్లో మళ్లీ పేర్చుకోవాలి. మూడు రోజుల పని. అచ్చయ్యాక కనిపించేది రెండంగుళాల చార్టు.

దేశ పటం దగ్గరైతే చట్టం కూడా ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భిన్నంగా భారతదేశ పటాన్ని ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే చాలా పటాల్లో జమ్మూకశ్మీర్ సరిహద్దు ఇంకోలా ఉంటుంది. విదేశీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పటాన్ని చూడకుండా పేజీలో పెట్టేస్తే, మర్నాడు దానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

తెలియనిదాన్ని ఎలా గీస్తారు?

బొమ్మలో ‘అట’ లేదన్నాను. దాన్ని ఎలాగైనా తేవాలని చేసిన ప్రయత్నాల్లో బాగా పేరున్నది తుపాను శంకువు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టగానే టీవీల్లో కనిపించే, పోనుపోను వెడల్పయ్యే ఆకారం అది. తుపాను పెరుగుతోందనీ, శంకువు లోపలి ఊళ్లకే ప్రమాదమనీ చాలామంది అనుకుంటారు. రెండూ తప్పే. ఆ ఆకారం చూపేది తుపాను కేంద్రం వెళ్లగల దారిని మాత్రమే. రోజులు గడిచేకొద్దీ అంచనాలో పొరపాటు పెరుగుతుంది కాబట్టి అది వెడల్పవుతుంది. అమెరికా హరికేన్ కేంద్రం గత ఐదేళ్ల పొరపాట్లను లెక్కగట్టి, మూడింట రెండు వంతుల సార్లు తుపాను కేంద్రం లోపలే ఉండేలా శంకువు గీస్తుంది. అంటే మూడోసారి బయటికి పోవచ్చు. గాలులు, వాన ఎలాగూ అంచు దాటి చాలా దూరం వస్తాయి.

శంకువు అంచు మచిలీపట్నం దగ్గర ఆగిందనుకుందాం. ఒంగోలులో చూసేవారు ఊపిరి పీల్చుకుంటారు. గీసినవారు ‘మాకు కచ్చితంగా తెలియదు’ అని చెప్పబోయారు, చూసినవారికి అది ‘ఇక్కడిదాకే’ అని వినిపించింది. దీనికి బదులు సాధ్యమైన దారులన్నీ సన్నని గీతలుగా, దారప్పోగుల్లా వేయాలనేవారు ఉన్నారు. అప్పుడు తమ ఊరి మీదుగా ఏదైనా ఒక గీత పోతే దాన్నే పట్టుకుని బెంబేలెత్తుతారని దాన్ని కాదనేవారు అంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది.

అలవాటును ఎదిరిస్తే ఏమవుతుందో 2014లో రాయిటర్స్ వేసిన ఒక చార్టు చూపింది. ఫ్లోరిడాలో తుపాకీ హత్యలను అది తలకిందులుగా చూపింది. సున్నా పైన, అంకె పెరిగేకొద్దీ కిందికి, ఎర్రరంగు రక్తం కారినట్లు. అంతకుముందు ఇరాక్ మరణాలపై వచ్చిన ఒక చార్టు దానికి ప్రేరణ. ఇరాక్ చార్టులో పైనుంచి వేలాడే నిలువు కడ్డీలు నెత్తుటి ధారల్లా కనిపించి, విషయం సూటిగా తాకింది. ఫ్లోరిడా చార్టులో ఉన్నది గీత, దాని కింద తెల్లని ఖాళీ. చాలామందికి ఆ తెలుపే కొండలా కనిపించింది. 2005లో ఆత్మరక్షణ చట్టం వచ్చాక హత్యలు పెరిగాయని అంకెలు చెబుతుంటే, తగ్గాయని వారు చదువుకున్నారు. మోసం చేయాలని ఎవరూ అనుకోలేదు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన కన్ను తన అలవాటు మార్చుకోదు.

కొండ అంచు పట్టుకుని

ఇప్పటిదాకా చెప్పిన బొమ్మలన్నీ రిపోర్టరు గీసేవి. ఎవరో తీసిన దృశ్యాన్ని ప్రశ్నించి నిజం రాబట్టడం ఈ వృత్తిలో ఇంకో పాయ. న్యూయార్క్ టైమ్స్ 2017లో దీనికోసం ప్రత్యేక బృందాన్నే ఏర్పాటు చేసింది. నాకు తెలిసినంతలో పద్ధతిని అందరికన్నా విడమరిచి చూపింది బీబీసీ పరిశోధన విభాగం ‘ఆఫ్రికా ఐ’ 2018 సెప్టెంబరులో ఇచ్చిన కథనం.

ఆ ఏడాది జులైలో ఒక వీడియో బయటికి వచ్చింది. సైనిక దుస్తుల్లో ఉన్నవారు ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పసిపిల్లలను నడిపించుకుపోయి, కళ్లకు గంతలు కట్టి కాల్చి చంపిన దృశ్యం. కామెరూన్ సైన్యం పనేనని కొందరు ఆరోపించారు. కామెరూన్ ప్రభుత్వం మొదట అదంతా కల్పిత వార్త అంది. ఒకరు ఔనని, ఒకరు కాదని అన్నారని రాసి ఊరుకోవచ్చు. చాలా పత్రికలు అంతవరకే చేయగలవు.

బీబీసీ బృందం, వారికి తోడైన స్వతంత్ర విశ్లేషకులు వీడియోలో వెనక కనిపించే కొండల వరుసను పట్టుకున్నారు. ఆ కొండల అంచు ఎగుడుదిగుళ్లను ఉపగ్రహ చిత్రాల్లోని భూమి ఎత్తుపల్లాలతో పోల్చితే ఉత్తర కామెరూన్‌లో జెలెవెట్ దగ్గర సరిపోయింది. చోటు దొరికింది. తేదీ? వీడియోలో ఉన్న ఒక కట్టడం పాత ఉపగ్రహ చిత్రాల్లో ఏ నెల నుంచి ఏ నెల వరకు ఉందో చూశారు. కాలిబాట వేసవి నెలల్లోనే బయటపడుతుందని గమనించారు. ఇక నడుస్తున్న సైనికుడి నీడ. చోటు తెలిస్తే మనిషి నీడే గడియారం ముల్లు అవుతుంది, సూర్యుడి కోణం లెక్కగట్టవచ్చు. అన్నీ కలిపితే 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య అని తేలింది. ఈ కొలతలన్నీ తెర మీద ఒక్కొక్కటిగా చూపారు. ‘మమ్మల్ని నమ్మండి’ అనాల్సిన అవసరం లేకుండా, చూసేవారే సరిపోల్చుకోవచ్చు. కథనం రాకముందే, ఆగస్టులో, కామెరూన్ ప్రభుత్వం సైనికులను అరెస్టు చేసినట్లు ప్రకటించింది. 2020లో నలుగురికి పదేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది.

కృత్రిమ మేధతో ముఖాలు అతికించడం సులువైన ఈ రోజుల్లో ఈ నైపుణ్యానికి గిరాకీ పెరిగింది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న పేరుతో తిరిగిన నకిలీ వీడియో మనకు గుర్తే. అసలు వీడియో వేరొకరిదని పట్టుకోవడానికి, కామెరూన్ కథనంలో లాగే, కావలసింది ఓపికగా పాత దృశ్యాలతో పోల్చి చూడడమే.

ఆడంబరం మీద వాదన

2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ‘స్నో ఫాల్’ అనే కథనం ప్రచురించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో మంచు చరియ కింద పడి ముగ్గురు చనిపోయిన ఘటన గురించి నెలల తరబడి పనిచేసి, మాటల మధ్యలో కదిలే పటాలు, వీడియోలు పొదిగారు. మరుసటి ఏడాది దానికి పాత్రికేయంలో పెద్ద పురస్కారమైన పులిట్జర్ వచ్చింది. ఆ తర్వాత ప్రతి పత్రికా తనకూ అలాంటిది కావాలంది. కొండలు కదిలాయి, సంగీతం మోగింది, పాఠకుడు మాత్రం మధ్యలోనే ట్యాబ్ మూసేసి పోయాడు.

వెనక్కి తగ్గడం కూడా అక్కడే మొదలైంది. న్యూయార్క్ టైమ్స్ గ్రాఫిక్స్ విభాగానికి చెందిన ఆర్చీ సే 2016లో చేసిన ప్రసంగంలో, పాఠకులు కిందికి జరపడానికే ఇష్టపడతారని, నొక్కే బొత్తాలను పెద్దగా పట్టించుకోరని, అందుకే అలాంటివి తగ్గించామని చెప్పారు. అక్కడే పనిచేసిన గ్రెగర్ ఐష్ మరుసటి ఏడాది ఇంకో కోణం చూపారు. పదిహేను శాతం లోపు మందే నొక్కినా, తమ ఊరి అంకె తామే వెతుక్కోవాలనుకునే వారికి ఆ దారి ఉండాలని, ముఖ్య విషయాన్ని మాత్రం బొత్తాల వెనక దాచకూడదని ఆయన వాదన. 2020 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్ ఇచ్చిన అంటువ్యాధి కథనం దీనికి మంచి ఉదాహరణ. కల్పిత వ్యాధి సోకిన చుక్కలు ఒకదానికొకటి తగులుతూ రంగు మారుతుంటాయి. నొక్కాల్సింది ఏమీ లేదు. మనుషులు దూరంగా ఉంటే ఏమవుతుందో కళ్లముందే జరుగుతుంది. అప్పటికి ఆ వెబ్‌సైటు చరిత్రలో అంతగా చదివిన కథనం లేదు.

ఇదంతా ఒక్కరు చేయగలరా అన్నది విడిగా తేలాల్సిన సంగతి. పెద్ద సంస్థల్లో పటాలవారు, కోడింగ్ వారు, వీడియోవారు వేర్వేరు. చిన్న న్యూస్‌రూములో ఒక్కరే. ఒక్కరి చేతిలో ఉంటే కథనానికి ఏకసూత్రత వస్తుందని కొందరు అంటారు. తప్పు పట్టుకునే రెండో కన్ను ఉండదని మరికొందరి అభ్యంతరం. రాసిన వార్తను సబ్ ఎడిటర్ దిద్దుతారు. చార్టును దిద్దే సబ్ ఎడిటర్ ఎంతమంది ఉన్నారు? అభ్యంతరానికి అసలు బలం అక్కడుంది.

ఒత్తులకు చోటు, లక్షకు కామా

తెలుగులో ఈ పని చేసేవారి గోడు ఇంకొంచెం ఉంది. చార్టు తయారుచేసే విదేశీ పరికరాలు పది లక్షలను మూడేసి అంకెలకు కామా పెట్టి 1,000,000 అని చూపుతాయి. మనకు 10,00,000 కావాలి. ఈ అమరిక మార్చడం మరిచిపోతే పాఠకుడు సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు.

అక్షరాలది మరో కథ. గుడులు పైకి, ఒత్తులు కిందికి పోవడం వల్ల మన వరుసకు ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఎత్తు కావాలి. ఇంగ్లిష్ కోసం చేసిన చట్రంలో తెలుగు పోస్తే ‘రాష్ట్రం’లో ఒత్తులు కింది గీతకు తగులుతాయి, లేదా తెగిపోతాయి. పత్రికల డీటీపీలో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర సంకేతాలు) కావు. పేజీలో చక్కగా కనిపించిన పేరును వెబ్ చార్టులోకి తెస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. మళ్లీ టైపు చేయాలి, మళ్లీ సరిచూడాలి. ఆ హడావిడిలో పుట్టిన అచ్చుతప్పు పటం మీద పడితే, ఊరివాళ్లు ఊరుకోరు.

బహనగా: రెండో బొమ్మ

ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే ఏ రైలు దేన్ని ఢీకొందో గీయగలిగారు. ఒక్కచోట మాత్రం ఖాళీ వదలాల్సి వచ్చింది. సిగ్నల్ ఒకటి చెబుతుంటే పాయింట్లు ఇంకోవైపు ఎందుకు ఉన్నాయి? తెలియనప్పుడు ఆ చోట చుక్కల గీతో, ప్రశ్నార్థకమో పెట్టడం నిజాయతీ. కొందరు పెట్టలేదు, కుట్ర అన్న ఊహకు బాణం గుర్తు గీశారు.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలిన విషయాన్ని ప్రభుత్వం జులైలో పార్లమెంటుకు చెప్పింది. ఉత్తరం వైపు సిగ్నల్ గుమ్టీలో (సిగ్నల్ పరికరాలుండే చిన్న గదిలో) గతంలో సర్క్యూట్ మార్చినప్పుడు లోపాలు దొర్లాయి. 94వ నంబరు లెవల్ క్రాసింగ్ దగ్గర విద్యుత్ గేటు మార్చే పనిలో సిగ్నల్ వ్యవస్థ గతి తప్పింది. ఆ ఖాళీని నింపడానికి వేయాల్సిన రెండో బొమ్మలో రైలే ఉండదు. ఒక గుమ్టీ, ఒక గేటు, తీగలు, ఏ తీగ ఎక్కడ కలపాలో, ఎక్కడ కలిపారో చూపే రెండు గీతలు.